మూడో నంబరు గదిలో టచ్ స్క్రీన్

పోయిన నెల ఆరాధన అయ్యాక, కొత్తగా కేంద్ర ప్రభుత్వ ఉద్యోగంలో చేరిన ఒక అమ్మాయి నా పక్కకు కుర్చీ లాక్కుని కూర్చుంది. "ఆంటీ, మా సెక్షన్‌లో చిన్న పోర్టబుల్ టచ్ మానిటర్ ఒకటి కొంటున్నారు. మీరు ఇలాంటివి చాలా కొన్నారట కదా, ఏది మంచిదో చెప్పండి" అంది. నేను చెప్పడం మొదలుపెట్టాను. ముప్పావుగంట తర్వాత చూస్తే ఆ పిల్ల ముఖం పాలిపోయి ఉంది. "ఆంటీ, నేను కంపెనీ పేరు అడిగాను. అంతే" అంది.

ఇంటికి వెళ్లాక ఫోను చేసి, భయపెట్టినందుకు క్షమించమన్నాను. చెప్పిన మాటల్లో మాత్రం ఒక్కటీ వెనక్కి తీసుకోలేదు. ఆ అమ్మాయిలాంటి వాళ్లు ఈ ఢిల్లీ ఆఫీసుల్లో చాలామంది ఉన్నారు కాబట్టి, ఆ ముప్పావుగంట మాటల్ని ఇక్కడ కాస్త వరుసలో పెడుతున్నాను.

కోపంతో రాయకూడదంటారు. పొద్దు గూకేలోగా కోపం విడిచిపెట్టాలని చిన్నప్పటి నుంచి సండే స్కూల్లో వింటూ పెరిగినదాన్ని. ఈ ఒక్క కోపం మీద ఎన్ని పొద్దులు గూకాయో నేను లెక్కపెట్టలేదు. ప్రార్థనలో చాలాసార్లు దించిపెట్టాను. లేచేటప్పుడు మళ్లీ నాతోపాటే లేస్తుంది.

నేను పనిచేసిన ఆఫీసు పేరు రాయను. మనుషుల పేర్లూ రాయను. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఆయాలు, వార్డుబాయ్‌లు, తోటమాలీలు, వీళ్లందరి సర్వీసు వ్యవహారాలు మా దగ్గరికి వచ్చేవి. నేను టెక్నికల్ ఆఫీసర్ని. పేరులో ఆఫీసరు ఉంది గానీ, ప్రింటరు కాగితం మింగినా ప్రొజెక్టరు వెలగకపోయినా పిలిచే మనిషిని. ఘాజియాబాద్‌లో ఇల్లు, మెట్రోలో రాకపోకలు, మధ్యాహ్నం డబ్బా. అంతకంటే చెప్పుకోదగ్గదేమీ లేదు.

ఉద్యోగంలో ఉండగా మాటో వినికిడో పోగొట్టుకున్నవాళ్లు మా దగ్గరికి విచారణకు వచ్చేవాళ్లు. చట్టం ప్రకారం అలాంటివాళ్లను ఇంటికి పంపకూడదు. చేయగలిగిన వేరే పనికి మార్చాలి. వాళ్లంతట వాళ్లే రిటైరవుతామంటే అది వేరే సంగతి. 'వాళ్లంతట వాళ్లే' అన్నది ఎంత చిన్న మాటో చూడండి. ఆఫీసులు దాని మీద బతుకుతాయి. ఒక మనిషికి వేరే పని వెతికి పెట్టాలంటే పది ఉత్తరాలు రాయాలి. ఆ మనిషే రిటైరవుతానంటే ఒక్క కాగితంతో ఫైలు మూతపడుతుంది.

అడగాల్సిన ప్రశ్న ఒకటే, వేరే పని కావాలా, రిటైర్మెంటు కావాలా అని. వచ్చేవాళ్లలో చదువు రానివాళ్లే ఎక్కువ. సైగల భాష తెలిసిన మనిషిని పిలిపించాలంటే ఫైలు మూడు అంతస్తులు తిరగాలి. అందుకని వాళ్ల ముందు ఒక చిన్న టచ్ స్క్రీన్ పెట్టి, రెండు పెద్ద గళ్లలో రెండు బొమ్మలు చూపించి, ఏది కావాలో వేలితో తాకమంటే బాగుంటుందని నేనే నోటు పెట్టాను. పనిచేస్తున్న మనిషి బొమ్మ ఒక గడిలో, ఇంటి బొమ్మ ఇంకో గడిలో. ఆలోచన నాది. ఆ సంగతి దాచను.

కొనడానికి ముగ్గురితో కమిటీ వేశారు. ఒకరు డిప్యూటీ డైరెక్టర్, విచారణలు చేసేది ఆయనే. అందరం సాహబ్ అనేవాళ్లం. రెండోవారు అడ్మిన్ ఆఫీసరు. గుంటూరు వైపు మనిషి, మా తెలుగు క్రైస్తవ సంఘంలో పెద్ద. మునిర్కా దగ్గర అద్దెకు తీసుకున్న స్కూలు హాల్లో ఆదివారం మధ్యాహ్నం మేం కూడుకునేవాళ్లం. అక్కడ మైకు ఆయన చేతిలో ఉండేది, సోమవారం నుంచి ఆఫీసు ఫైళ్లు ఆయన చేతిలో ఉండేవి. నేను అన్నా అనేదాన్ని. ఆయన నన్ను సిస్టర్ అనేవాడు. మూడో సభ్యురాలిని నేను.

దుకాణం మనిషి మూడు నమూనాలు తెచ్చి టేబుల్ మీద పరిచాడు. ఒకటి అరచేయంత. ఒకటి పది అంగుళాలది. ఒకటి పదిహేను అంగుళాలది, అద్దంలా మెరిసిపోతోంది. సాహబ్ ఆ పెద్దదాన్ని చూసి, "యే వాలా. దేఖో క్యా చమక్ హై" అన్నాడు.

"మెరుపు కిటికీ వైపు కూర్చున్నవాళ్ల కళ్లలో పడుతుంది సార్. బొమ్మ కనపడదు" అన్నాను.

"మేడమ్ కో హర్ చీజ్ మే కమీ దిఖ్‌తీ హై" అని నవ్వాడు. మేడమ్‌కు అన్నిట్లోనూ లోపమే కనిపిస్తుందట. దుకాణం మనిషి కూడా నవ్వాడు. నవ్వడం అతని వ్యాపారంలో భాగం.

నేను మూడింటినీ మా కాంటీన్‌కు పట్టుకెళ్లాను. అంట్లు తోమే ఆవిడ చేత నొక్కించాను. ఫినాయిల్, బ్లీచింగు పొడి పట్టి పట్టి చేతివేళ్లు బండబారినవాళ్లు తాకితే కొన్ని స్క్రీన్లకు తెలియదు. ఏసీ గదిలో మెత్తటి వేళ్లతో నొక్కి చూసుకుని కొనేవాళ్లకు ఈ సంగతి ఎప్పటికీ తెలియదు. అరచేయంతది ఆవిడ వేలికి పలకలేదు. పెద్దది పలికింది గానీ, అయస్కాంతంతో అతికే దాని స్టాండు కాస్త గట్టిగా నొక్కగానే వెనక్కి జారింది. పది అంగుళాలది నిలబడింది, పలికింది. గరుకు అద్దం, మెరుపు లేదు. దాన్నే ఎంచుకున్నాను. ఇవాళ ఎంచుకోమన్నా దాన్నే ఎంచుకుంటాను. కొనడం దాకా నేను తప్పు చేయలేదు.

ఇక్కడ ఒక్క సాంకేతిక విషయం చెప్పాలి, ఒక్కటే. ఇలాంటి స్క్రీన్‌కు రెండు తీగలుంటాయి. ఒకదానిలో కంప్యూటర్ నుంచి బొమ్మ వస్తుంది. రెండోదానిలో మనం తాకిన తాకుడు కంప్యూటర్‌కు వెళ్తుంది. ఆ తాకుడు ఏ స్క్రీన్ మీద పడిందో మనం ఒకసారి సెట్టింగుల్లోకి వెళ్లి చూపించాలి. చూపించకపోతే, అది పెద్ద స్క్రీన్ మీద పడిందనే కంప్యూటర్ అనుకుంటుంది. చిన్న స్క్రీన్ మీద ఏ మూల తాకితే, ఆఫీసరు ముందున్న పెద్ద స్క్రీన్ మీద అదే మూల నొక్కినట్టు అవుతుంది. మా ఆఫీసు కంప్యూటర్ కదా, ఎవరు నోరు తెరిచినా పెద్దవాళ్లే మాట్లాడారనుకునేది.

మొదటి నంబరు విచారణ గదిలో నేనే కూర్చుని సరిగ్గా అమర్చాను. తర్వాత వాడేవాళ్ల కోసం ఒక పేజీ సూచనలు రాశాను. అందులో ఒక వాక్యం ఇది. స్క్రీన్‌ను వేరే కంప్యూటర్‌కు మార్చినప్పుడల్లా తాకుడు ఏ స్క్రీన్‌దో మళ్లీ చూపించాలి, చూపించి పరీక్షించకుండా విచారణ మొదలుపెట్టకూడదు.

అడ్మిన్ ఆఫీసరు ఆ కాగితం చదివి పెన్నుతో ఆ వాక్యం కింద గీత గీశాడు. "సిస్టర్, ఇది తీసెయ్."

"ఎందుకన్నా? ముఖ్యమైనది అదే."

"వస్తువు బాగుందని మనం ముగ్గురం సంతకం పెట్టామా? ఇప్పుడు నువ్వే దానికో తిరకాసు ఉందని రాసిస్తే ఎట్లా? ఎల్లుండి పై నుంచి పెద్దాయన వచ్చి ప్రారంభం చేస్తాడు. ఆడిట్ వాడి కంట్లో పడిందంటే మొత్తం ఫైలు మళ్లీ మొదటికొస్తుంది."

"మరి ఎవరైనా గది మారిస్తే?"

"ఆపరేటర్‌కి నోటితో చెప్పు. చాలు. ప్రతీదీ కాగితం మీదే ఉండాలా?"

కాగితాల మీదే ముప్ఫయ్యేళ్లు బతికిన మనిషి ఆ మాట అన్నాడు. నేను తలూపాను. వాక్యం తీసేసి పేజీ మళ్లీ ప్రింటు తీశాను. ఆపరేటర్‌కు నోటితో చెప్పాను. ఎవరూ నా చెయ్యి పట్టుకుని తీయించలేదు. ప్రారంభం రోజు పెద్దాయన ముందు నిలబడి వివరించేది నేనే, ఆ రోజు వాయిదా పడటం నాకిష్టం లేదు. దాన్ని బైబిల్లో ఏమంటారో నాకు బాగా తెలుసు. గర్వమంటారు.

ప్రారంభం బాగా జరిగింది. ఆ ఆదివారం సంఘంలో సాక్ష్యాల సమయం వచ్చింది. మా దగ్గర రెండో పాట అయ్యాక, ఆ వారం దేవుడు తమకు చేసిన మేలు ఏదైనా ఉంటే లేచి చెబుతారు. సంఘ పెద్దగా అడ్మిన్ ఆఫీసరే నా చేతికి మైకు ఇచ్చాడు. నేను లేచి, నోరు లేనివాళ్లకు నోరు ఇవ్వడానికి ప్రభువు నన్ను వాడుకున్నాడని చెప్పాను. అందరూ ఆమేన్ అన్నారు. అందరికంటే గట్టిగా ఆయనే అన్నాడు. ఇంటికి వెళ్తూ మెట్రోలో ఆ సాక్ష్యాన్ని మనసులో రెండుసార్లు మళ్లీ చెప్పుకున్నాను కూడా. ఈ మాట రాయడానికి నాకు సిగ్గుగా ఉంది. అందుకే రాస్తున్నాను.

ఆరు వారాల తర్వాత ఒక ఉదయం, నా సీటు ముందు ఒక యువతి వచ్చి నిలబడింది. మెడలో నోయిడా కంపెనీ బిళ్ల, చేతిలో మడతపెట్టిన కాగితం. నేమ్‌ప్లేటు చూసి, "ఆంటీ, మీరు తెలుగా?" అంది.

"ఆఁ. కూర్చో అమ్మా."

కూర్చోలేదు. కాగితం నా టేబుల్ మీద పెట్టింది. ఆసుపత్రిలో ఆయాగా పనిచేసే ఒకావిడ స్వచ్ఛంద పదవీ విరమణకు సమ్మతించినట్టు, నెలాఖరుకు విధుల నుంచి తప్పిస్తున్నట్టు ఆర్డరు.

"మా అమ్మ" అంది. "గొంతు ఆపరేషన్ అయింది. కేన్సర్. వాయిస్ బాక్స్ తీసేశారు. మాట రాదు. కానీ పని చేస్తది, ఆంటీ. ఇరవై రెండేళ్ల నుంచి చేస్తోంది. రిటైర్మెంట్ అడగలేదు. హమ్‌నే మాంగా హీ నహీ."

"విచారణలో అమ్మ ఏం చెప్పింది?"

"ఏం చెప్తది? మాట లేదు కదా. స్క్రీన్ మీద కామ్ వాలా బొమ్మ, పని బొమ్మ నొక్కింది. ఏం కాలేదంట. మళ్లీ నొక్కింది. ఏం కాలేదంట. మళ్లీ నొక్కింది. సాహబ్ 'ఠీక్ హై' అన్నాడు. అమ్మ నొక్కింది సరిగ్గా పడిందేమో అనుకుని ఇంటికొచ్చేసింది."

"నువ్వు లోపల లేవా?"

"నన్ను రానివ్వలేదు. జిస్‌కా కేస్ హై వహీ ఆయేగా అన్నారు, కేసు ఎవరిదో వాళ్లే రావాలంట." టేబుల్ మీది కాగితం మళ్లీ మడతపెట్టింది. "ఈ పని పోతే క్వార్టర్ పోతది. అది కాదు, ఆంటీ. ఆర్డర్ చూసినప్పటి నుంచి అమ్మ నా మీద అలిగింది. నేనే ఎక్కడో సంతకం పెట్టి తనను ఇంట్లో కూర్చోబెడుతున్నా అనుకుంటోంది. మై క్యా కరూఁ, నేనేం చేయాలి?"

ఏ గదిలో జరిగిందని అడిగాను. మూడో నంబరు గదిలో అని చెప్పింది. నాకు అప్పుడే తెలిసిపోయింది.

మొదటి గదిలో ఏసీ పాడయిందట. ఆ రోజు విచారణలు మూడో గదికి మార్చారు. ఆ పోర్టబుల్ స్క్రీన్‌ను చంకలో పెట్టుకుని తీసుకెళ్లి అక్కడి కంప్యూటర్‌కు తగిలించారు. మోసుకెళ్లడానికి వీలుగా ఉండాలనే కదా అలాంటిది కొన్నాం.

ఆపరేటర్‌ను వెంటబెట్టుకుని ఆ గదికి వెళ్లాను. నలభై దాటిన మనిషి, ఏటేటా కాంట్రాక్టు పొడిగిస్తేనే ఉద్యోగం. "ఇక్కడికి మార్చినప్పుడు టచ్ మళ్లీ చూపించావా భయ్యా?" అన్నాను.

"ఏం చూపించాలి మేడమ్‌జీ?"

"ఆపరేటర్‌కు చెప్పాను కదా, మొదటి రోజు."

"మొదటి రోజు మీరు చెప్పింది పాత ఆపరేటర్‌కి. ఆయన కాంట్రాక్టు పోయిన నెలలోనే అయిపోయింది. నాకు ఈ పేజీ ఇచ్చారు." గోడకు అంటించిన నా సూచనల కాగితం చూపించాడు. "ఇందులో ఉన్నదంతా చేశాను. ఒక్కొక్కటీ చేశాను. మీరే చదవండి."

చదవాల్సిన అవసరం నాకు లేదు.

స్క్రీన్ తగిలించి, ఆవిడ కూర్చున్న కుర్చీలో కూర్చున్నాను. పనిచేస్తున్న మనిషి బొమ్మ మీద వేలు పెట్టి నొక్కాను. నా ముందు ఏమీ కాలేదు. "మేడమ్‌జీ" అన్నాడు ఆపరేటర్, పెద్ద స్క్రీన్ వైపు చూస్తూ. అటు వెళ్లి చూశాను. విచారణ ఫారంలో, సరిగ్గా ఆ చోట, 'స్వచ్ఛంద విరమణకు సమ్మతి' అన్న చిన్న గడిలో టిక్కు పడి ఉంది.

ఆపరేటర్‌ను వెళ్లి మళ్లీ నొక్కమన్నాను. టిక్కు పోయింది. మళ్లీ నొక్కాడు. టిక్కు వచ్చింది.

రెండుసార్లు నొక్కి ఆగిపోయి ఉంటే ఆవిడ ఉద్యోగం ఉండేది. మూడుసార్లు నొక్కింది. పని కావాలని మరో మనిషి రెండుసార్లే అడుగుతాడు, ఆవిడ మూడోసారి కూడా అడిగింది. అందుకు పని పోయింది.

"సాహబ్ ఆ రోజు ఏమన్నాడో తెలుసా?" అన్నాడు ఆపరేటర్. "టిక్కు వచ్చి పోయి మళ్లీ వస్తే, 'బేచారీ సోచ్ రహీ థీ, అబ్ మాన్ గయీ' అన్నాడు. పాపం ఆలోచించుకుంది, ఇప్పుడు ఒప్పుకుందని."

"ఆవిడ ముఖం చూడలేదా ఆయన?"

"ముఖం ఎందుకు మేడమ్‌జీ, స్క్రీన్ ఉంది కదా. అంతకుముందైతే చూసేవాడు. పాపం చూడక తప్పేది కాదు." వెటకారంగా అనలేదు. ఉన్నమాట చెప్పాడు. నాకు చెంప మీద కొట్టినట్టయింది.

సాహబ్ దగ్గరికి వెళ్లి జరిగింది చెప్పాను. ఆయన ఓపికగా విన్నాడు. ఓపికగా వినడమే ఆయన ఆయుధం.

"మేడమ్, ఆమె తాకింది. రికార్డు ఉంది. మూడుసార్లు తాకింది."

"తాకింది పని బొమ్మను సార్."

"అది మీరు చెబుతున్నారు. సిస్టం చెప్పట్లేదు. అయినా జబ్బు మనిషి. ఇంట్లో కూర్చుని విశ్రాంతి తీసుకుంటుంది. ఉస్ కే లియే అచ్ఛా హీ హై."

ఆవిడకు అదే మంచిదట. జీవితంలో నేను ఎందరి మీదో కోప్పడ్డాను. తప్పు చేసినవాళ్ల మీద వచ్చే కోపం ఒక రకం. తప్పు జరిగిందని తెలిశాక, దాన్ని ఎదుటివాళ్ల మేలు కింద మార్చి చూపించేవాళ్ల మీద వచ్చే కోపం వేరు. అది ఇంతవరకూ చల్లారలేదు.

సాయంత్రం అడ్మిన్ ఆఫీసరు తన గదికి పిలిచాడు. తలుపు వేశాడు. తెలుగులోకి మారాడు.

"సిస్టర్, ఏందిది? నీకు రిటైర్మెంట్ నాలుగు నెలలుంది. పెన్షన్ కాగితాలు నా టేబుల్ మీదే ఉన్నాయి."

"బెదిరిస్తున్నావా అన్నా?"

"అయ్యో, బెదిరింపు ఏంది? నీ మేలు కోరి చెబుతున్నా. నువ్వు ఇప్పుడు నోటు రాస్తే అందులో ఏం రాస్తావ్? ఆ లైను నువ్వే తీసేశావని రాయాల్సి వస్తది."

"నువ్వు తీయమన్నావని కూడా రాస్తాను."

ప్రార్థనలో వాడే మెత్తని గొంతుతో అన్నాడు. "నోటితో అన్నాను సిస్టర్. కాగితం మీద లేదు కదా. అయినా సంఘంలో నిలబడి దేవుడు చేసిన కార్యమని సాక్ష్యం చెప్పింది నువ్వే. రేపు అది తప్పని చెబితే చిన్నవాళ్ల విశ్వాసం ఏం కాను? కొన్ని సంగతులు మోకాళ్ల మీద దేవునికే చెప్పుకోవాలి. ప్రార్థన చేద్దామా?"

కళ్లు మూసుకున్నాడు. నిజంగానే మొదలుపెట్టబోయాడు.

నేను లేచి వచ్చేశాను. ప్రార్థనకు పిలిస్తే లేచి వెళ్లిపోవడం నా జీవితంలో అదొక్కసారే. చిన్నవాళ్లారా, మీకు ఒక మాట చెబుతాను. ప్రార్థన నా ఊపిరి. దాన్ని ఎవరైనా తలుపుకు వేసే గొళ్లెంలా వాడుతుంటే, ఆ గదిలో కళ్లు మూసుకోవద్దు.

మరుసటి రోజు ఉదయం నోటు రాశాను. పేజీన్నర. సాహబ్‌కు చూపించే ముందు కింద రసీదుల కౌంటర్‌కు తీసుకెళ్లి డైరీ నంబరు వేయించాను. మామూలుగా మేం చేసే పద్ధతి అది కాదు. ముందు పై అధికారికి చిత్తు చూపిస్తాం, ఆయన నాలుగు మాటలు కొట్టేస్తాడు, మిగిలింది డైరీలో ఎక్కుతుంది. కానీ ఒకసారి నంబరు పడిన కాగితాన్ని చించే ధైర్యం ఏ ఆఫీసులోనూ ఎవరికీ ఉండదు. ముప్ఫయ్యేళ్లలో నేను నేర్చుకున్న చదువులో పనికొచ్చింది ఆ ఒక్కటే. అందులో మొదటి వాక్యం, ఈ పొరపాటుకు కారణం నేను సూచనల నుంచి తొలగించిన ఒక వాక్యం, అని. ఎవరు తీయమన్నారో రెండో వాక్యంలో రాశాను. మూడో గదిలో నొక్కి చూపించడానికి ఎప్పుడైనా, ఎవరి ముందైనా సిద్ధమని మూడోదాంట్లో రాశాను.

తర్వాత జరిగినవి త్వరగా చెప్పేస్తాను. నాకు మెమో వచ్చింది, నిర్లక్ష్యానికి సంజాయిషీ ఇవ్వమని. ఇచ్చాను. అది న్యాయమే. అడ్మిన్ ఆఫీసరుకు మెమో రాలేదు. ఆదివారం సాక్ష్యాల సమయంలో నేను లేచి నిలబడితే, "టైం అయిపోయింది సిస్టర్, వచ్చే వారం" అని ఆయన మైకు ఆపేశాడు. నాది పెద్ద గొంతే. మైకు లేకుండానే చెప్పాను, ఆరు వారాల కిందట ఇక్కడ నేను చెప్పిన సాక్ష్యం అబద్ధమయిందని, అది ఒకావిడ పని తీసేసిందని, ఆవిడ కోసం ప్రార్థించమని. ఆమేన్ అన్నవాళ్లు తక్కువ. ఒక ముసలాయన మాత్రం చివరి వరుసలోంచి నెమ్మదిగా లేచి, నేను కూర్చునేదాకా తానూ నిలబడ్డాడు.

పది రోజులకు మళ్లీ విచారణ జరపమని పై నుంచి రాసి పంపారు. స్క్రీన్ మీదే జరపాలట, మొదటిది ఎలా జరిగిందో రెండోదీ అలాగే ఉండాలట. టెక్నికల్ ఆఫీసరు హాజరు కావాలట.

ఆ ఉదయం ఆవిడను మొదటిసారి చూశాను. సన్నగా, నిటారుగా ఉంది. మెడ కింద రంధ్రానికి తెల్లని గుడ్డ కప్పుకుంది. ఆసుపత్రి యూనిఫాం చీరలోనే వచ్చింది. కూతుర్ని ఈసారీ బయటే ఆపారు. వరండాలో ఆ అమ్మాయి నా మోచెయ్యి పట్టుకుంది.

"ఆంటీ, అమ్మ అడుగుతోంది. ఈసారి కూడా నొక్కింది పడకపోతే ఏంటని."

"నేను చూసుకుంటాను అమ్మా."

"అదీ అడిగింది. మొదటిసారి ఎవరు చూసుకున్నారని."

స్క్రీన్ తీగలు చేతిలోకి తీసుకున్నాను. ఆవిడ నా వైపే చూస్తోంది. తల కాస్త వంచి, లోపలికి నడిచింది.

గదిలో సాహబ్ తన కుర్చీలో, పెద్ద స్క్రీన్ వెనకాల కూర్చుని ఉన్నాడు. నేను తీగలు చేతిలో పట్టుకుని ఆవిడ పక్కన నిలబడ్డాను.

"లగాయియే మేడమ్" అన్నాడు, తగిలించమని.

"మీరు ఇటు వచ్చి కూర్చోండి సార్. ఈవిడ పక్కన."

"క్యోఁ? నాకు ఇక్కడి నుంచి కనిపిస్తుంది."

"పోయినసారీ అక్కడి నుంచి కనిపించింది."

ఆపరేటర్ గోడ వైపు తిరిగి దగ్గాడు. సాహబ్ ముఖం ఎర్రబడింది. "మేడమ్, మీరు హద్దు దాటుతున్నారు."

"దాటుతున్నాను సార్. రాసుకోండి. మీరు వచ్చి కూర్చునేదాకా ఈ తీగ నా చేతిలోనే ఉంటుంది."

ఎంతసేపు అలా నిలబడ్డానో తెలియదు. చివరికి ఆయన కుర్చీ వెనక్కి నెట్టి లేచాడు. టేబుల్ చుట్టూ తిరిగి వచ్చి ఆవిడ పక్కన, గోడ దగ్గరి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. అంతమంది విచారణలు చేసిన మనిషి, ఆ వైపు కూర్చోవడం అదే మొదటిసారి అనుకుంటాను. కాళ్లు ఎక్కడ పెట్టుకోవాలో ఆయనకు తెలియలేదు.

తీగలు తగిలించాను. సెట్టింగుల్లోకి వెళ్లి తాకుడు ఏ స్క్రీన్‌దో చూపించాను. రెండుసార్లు పరీక్షించాను. రెండు బొమ్మలు వచ్చాయి. "ఇప్పుడు తాకమ్మా" అన్నాను.

ఆవిడ స్క్రీన్ వైపు చూడలేదు. సాహబ్ చెయ్యి వైపు చూసింది. చెయ్యి చాచి ఆయన మణికట్టు పట్టుకుంది. ఇరవై రెండేళ్లు రోగుల్ని పక్క మీద ఇటునుంచి అటు తిప్పిన చేతులవి. ఎంత పట్టాలో, ఎక్కడ పట్టాలో వాటికి తెలుసు. ఆయన ఉలిక్కిపడ్డాడు గానీ చెయ్యి లాక్కోలేకపోయాడు. ఆయన చూపుడువేలు తీసుకెళ్లి పనిచేస్తున్న మనిషి బొమ్మ మీద పెట్టి నొక్కింది.

గడి పచ్చగా మారింది.

"హో గయా" అన్నాడు సాహబ్. "ఛోడియే."

వదల్లేదు. ఆవిడ పెదవులు కదిలాయి. శబ్దం లేదు, మెడ మీది తెల్లగుడ్డ మాత్రం కాస్త అదిరింది. సాహబ్ నా వైపు చూశాడు, ఏమంటోందని అడుగుతున్నట్టు. నేను నోరు విప్పలేదు. ఆయన మళ్లీ ఆవిడ వైపు తిరిగాడు. ఇక వేరే దారి లేక ఆవిడ ముఖంలోకి చూశాడు. పెదవులు అదే మాట మళ్లీ పలికాయి, నిదానంగా, చిన్నపిల్లలకు చెప్పినట్టు.

"కామ్" అన్నాడు ఆయన.

ఆవిడ తలూపింది. చెయ్యి వదల్లేదు. పెదవులు ఇంకోసారి కదిలాయి.

"కామ్ చాహియే" అన్నాడు సాహబ్, పని కావాలని. ఈసారి బయట వరండాలో ఉన్న కూతురిక్కూడా వినపడింది. అప్పుడు ఆవిడ ఆయన చెయ్యి వదిలి, గుడ్డ సర్దుకుని, డ్యూటీకి టైమయిందని గోడ గడియారం వైపు చూపించి లేచింది.